నాలుగు చక్రాల ఒట్టు

మా రాఘవ్ ఆ పాత జీపును కొనుక్కొచ్చి వాకిట్లో నిలబెట్టిన దినం, నేనే దానికి పసుపు కుంకుమ పెట్టినాను. టెంకాయ కొట్టినాము. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, బండిని మెల్లగా ముందుకు పోనిమ్మన్నాము. మూడు నలిగినాయి. నాలుగోది చక్రానికి దొరక్కుండా పక్కకు దొర్లి, మోరీ కాలవలో పడింది. ఎవరూ చూడలేదు. నేను చూసినాను. ఆ పూట నాకు అన్నం దిగలేదు.

జీపు కొనింది సరదాకు కాదు. మా కోడలు హర్షిణి టీచరు. ఆదోని నుంచి పెద్దకడుబూరు దాటినాక తారోడ్డు వదిలేసి, నల్లరేగడి చేలల్లో నాలుగు కిలోమీటర్లు లోపలికి పోతే ఆమె బడి వుండే పల్లె. ఎండాకాలంలో ఆ దారిని తప్పు పట్టేదానికి లేదు. ఒక వాన పడిందంటే మాత్రం ఆ మన్ను మనిషి కాల్లో చెప్పు వుండనీదు. చక్రానికి చుట్టుకుని చుట్టుకుని, చక్రమేదో మంటి ముద్దేదో తెలీకుండా చేస్తుంది. ఆటోవాళ్లు తారోడ్డు మీదనే దింపేసి, ఇంక మీరు నడుచుకోండి టీచరమ్మా అంటారు.

అప్పుడు ఆమెకు ఐదో నెల. అంతకు ముందు రెండుసార్లు కడుపు నిలబడలేదు. ఒకసారైతే, ఎక్కిన ఆటో గుంతలో పడి ఎగిరిన మూడో దినమే పోయింది. ఆటోకూ దానికీ ఏ సంబంధమూ లేదని ఎమ్మిగనూరు డాక్టరమ్మ ఎంతో చెప్పింది. నేను తలాడించినాను గానీ నమ్మలేదు. సెలవు పెట్టమంటే, వుండే సెలవంతా ఇప్పుడే వాడుకుంటే బిడ్డ పుట్టినాక ఏం చేసేదత్తా అనింది హర్షిణి. దాంతో రాఘవ్, రోజూ నేనే దింపి నేనే తీసుకొస్తానని ఈ జీపు చూసినాడు. వాడు వాళ్ల నాయనతో పాటు మార్కెట్ యార్డులో పత్తి వ్యాపారం చూసుకుంటాడు. పొద్దున ఒక రెండు గంటలు, సాయంత్రం ఒక రెండు గంటలు తీరిక చేసుకోగలడు.

బండిని చూసి కొనిచ్చింది ఎమ్మిగనూరులో షెడ్డు వుండే మెకానిక్ బసవరాజు. ఆ దినం వాకిట్లోనే రాఘవ్‌ను స్టీరింగు ముందర కూర్చోబెట్టి పాఠం చెప్పినాడు. నేను కాఫీ గ్లాసులు పట్టుకుని తలుపు చాటున నిలబడి అంతా విన్నాను. పెద్ద రాడ్డు మామూలు గేరు. పక్కనుండే పొట్టి రాడ్డు, బలం రెండు చక్రాలకు పోవాల్నా నాలుగిటికి పోవాల్నా అని చెప్పేది. తారోడ్డు మీద ఎప్పుడూ రెండే. బురద, ఇసుక, జారే నేల వస్తే నాలుగు. అదీ చిక్కుకున్నాక కాదు, దిగకముందే వెయ్యాల. లోతు బురద, వంక, ఏటవాలు అయితే లో గేరు. దానికి బండిని పూర్తిగా నిలిపి, న్యూట్రల్ చేసి, అప్పుడు వెయ్యాల. ఎండిన తారు మీద మాత్రం నాలుగు వెయ్యొద్దని రెండు మూడుసార్లు చెప్పినాడు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాల, వెనకవి తక్కువ. బురదలో అయితే ఆ తేడాకు చక్రం ఇంత జారి సర్దుకుంటుంది. తారు మీద జారేదానికి వుండదు. ఆ గుంజుడంతా లోపలి ఇనుము మీద పడుతుందన్నాడు.

ఇంత విన్నాను. ఏడో తరగతి వరకు చదువుకున్నదాన్ని, అర్థం కాక కాదు. కానీ నా మనసులో మిగిలింది ఒకటే మాట. నాలుగు వేస్తే జారదు.

బసవరాజు పోయినాక రాఘవ్‌ను అడిగినాను. "నాలుగు చక్రాలు పట్టుకునేది వుండంగ, రెండిటి మీద ఎందుకు పోవాలప్పా?"

"ఆయప్ప సెప్పినాడు గదమ్మా, తారోడ్డు మీద వద్దని."

"ఆయప్పకేం. కడుపుతో వుండేది ఆయప్ప కోడలా?"

వాడి చెయ్యి తీసి నా తల మీద పెట్టుకున్నాను. ఆమె బండిలో వున్నా లేకున్నా, గడప దాటినప్పటి నుంచి మళ్ల ఇంటికి వచ్చేదాకా నాలుగు చక్రాల మీదనే నడుపుతానని చెప్పమన్నాను. వాడు చెయ్యి లాక్కోబోయినాడు. వదల్లేదు. నువ్వు మాట తప్పితే నాకేమైనా పర్వాలేదు గానీ ఆ కడుపులో వుండేదానికి, అని సగంలో ఆపేసినాను. ఆ సగం మాటతో వాడి ముఖం మారిపోయింది.

లోపల నుంచి హర్షిణి, "అత్తా, రేపటి నుంచి నన్ను గూడ నాలుగు కాళ్ల మీద నడవమంటావా ఏంది?" అని నవ్వింది. రాఘవ్ నవ్వలేదు. ఒట్టు పెట్టినాడు.

మొదటి వారంలోనే బండి మొర పెట్టుకుంది. బజారు మలుపులో చక్రాలు కీచుమనేవి. ఇంటి ముందర తిప్పుతుంటే ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగినట్లు కుంటేది. స్టీరింగు బిగుసుకుంటాందమ్మా అని వాడంటే, బిగుసుకుంటే మంచిదే గదా, గట్టిగ పట్టుకున్నట్లు అన్నాను. పొట్టి రాడ్డు ఒక్కొక్కసారి కదిలేది కాదంట. ఒకసారి ఒట్టు తీసెయ్యమ్మా అని అడిగినాడు. కాన్పు అయ్యేంతవరకు ఓర్చుకో అన్నాను. బసవరాజు దగ్గరికి సర్వీసుకు పోకుండా ఏదో ఒక సాకు చెప్పేవాడు, ఆయప్ప కనిపెడతాడని. ఇంత చదువుకున్నవాడు అమ్మ ఒట్టుకు ఎందుకు తలొగ్గినాడా అని మీరు అనుకోవచ్చు. తారోడ్డు మీద ఆ రాడ్డు మీద చెయ్యేసినప్పుడల్లా, ఆస్పత్రి మంచం మీద హర్షిణి గోడ పక్కకు తిరిగి పడుకునింది కనపడేదని తర్వాత చెప్పినాడు. నా భయం వాడికి అంటించినాను, జ్వరం అంటించినట్లు.

అట్ల రెండు నెలలు గడిచినాయి. ఏడో నెల పడింది.

ఆ దినం శుక్రవారం. పత్తి తీతలు మొదలైనాయి, యార్డులో రాఘవ్‌కు ఊపిరాడని పని. మధ్యాహ్నం పన్నెండప్పుడు హర్షిణి ఫోన్ చేసింది. పొద్దున నుంచి నడుము లాగుతా వుందంట, పొత్తికడుపు అప్పుడప్పుడు గట్టిపడుతుందంట. ఆడ పది గంటల నుంచి సన్నగా తుంపర. భయపడేంత లేదులే అత్తా అనింది. భయపడేంత లేదని ఎవరైనా అంటేనే నాకు భయం. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, ఇంటికి పోకుండా నేరుగా ఎమ్మిగనూరు తీసుకురమ్మనింది.

నా ఫోన్ అందుకుని రాఘవ్ యార్డు నుంచి వచ్చేసరికి నేను వాకిట్లో వుండే జీపులో ఎక్కి కూర్చుని వున్నాను. నువ్వెందుకమ్మా అన్నాడు. దిగలేదు.

ఆదోనిలో చినుకు లేదు. రోడ్డు ఎండకు మెరుస్తా వుంది. దూరంగా పెద్దకడుబూరు పక్క మాత్రం మబ్బు దించినట్లు నల్లగా వుంది. రాఘవ్ ఎప్పుడూ లేనంత జోరుగా నడిపినాడు. మెల్లగ పో అంటే ఆలస్యమౌతుందేమో, జోరుగ పో అంటే ఏమైనా అవుతుందేమో. ఏమీ అనలేక, ముందరుండే కమ్మీని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను.

తారోడ్డు నుంచి మట్టిదారిలోకి దిగే మలుపు వచ్చింది. ఆ జోరులోనే స్టీరింగు పూర్తిగా తిప్పినాడు. నా కాళ్ల కింద ఠంగుమని ఒక శబ్దం. తర్వాత ఇనుప కడ్డీతో ఎవరో బండి కడుపులో కొడుతున్నట్లు దబదబా. వాడు బ్రేకు తొక్కి, దిగి, కిందికి దూరినాడు. లేచి వచ్చినప్పుడు ముఖంలో నెత్తురు చుక్క లేదు.

ముందర షాఫ్టు క్రాసు ఇరిగిపోయిందమ్మా అన్నాడు. ముందు చక్రాలకు బలం మోసుకుపోయే కడ్డీ ఆ షాఫ్టు, దాని కొసనుండే కీలు క్రాసు. ఇంక వెనక రెండే. ఎదురుగా నాలుగు కిలోమీటర్ల రేగడి, అవతల ఆమె. నీ వల్లనే అని వాడు అనలేదు. అనుంటే బాగుండేది.

బసవరాజుకు ఫోన్ కలిపి స్పీకరులో పెట్టినాడు. ఆయప్ప అడిగిన మొదటి మాటే అది, ఎండు రోడ్డు మీద నాలుగులో వున్నావా అని. ఊ అన్నాడు. ఎన్ని దినాల నుంచి అంటే, రెండు నెలలు అన్నాడు. 

"నీకు సెవుడనుకోవాల్నా, తిక్కనుకోవాల్నా రాఘవప్పా?"

నేను ఫోన్ లాక్కున్నాను. వాంది తప్పు కాదు బసవరాజూ, నేనే ఒట్టు పెట్టించుకున్నాను అని, ఎందుకు పెట్టించుకున్నానో, ఇప్పుడు ఎవరి కోసం పోతాండామో అంతా గబగబా చెప్పేసినాను. ఆయప్ప గొంతు మారింది.

"అక్కా, ముందు ఆ ఒట్టు తీసెయ్. భయంతో నడిపేవాని కాలు ఒక తీరుగ వుండదు. తర్వాత నేను సెప్పేది ఇనుకో, వాడు మర్సిపోతాడు."

షాఫ్టును రెండో కొస కూడా విప్పి తీసెయ్యమన్నాడు, లేకుంటే వేలాడి నేలకు పొడుచుకుంటుందని. అది లేకున్నా లో గేరు వెనక చక్రాలకు పనిచేస్తుందంట. గట్టిగా తొక్కితే వెనకది కూడా ఇరుగుతుందంట. చక్రం వుత్తగా తిరిగిందంటే కాలు తీసెయ్యాల, ఇంకా తొక్కితే బండి తన గుంత తానే తవ్వుకుంటుంది. నీళ్లు కనపడితే మనిషి దిగి నడిచి చూడకుండా బండిని దింపొద్దు.

గ్రీజు అంటిన వాడి చెయ్యి మళ్ల నా తల మీద పెట్టుకుని, తీసేసినాను నాయనా, ఇంక నీకు ఏ ఒట్టూ లేదు అన్నాను. అన్నానే గానీ, ఆ మాటతో కడుపులో బిడ్డకు అడ్డం పెట్టిన తలుపేదో నేనే తెరిచేసినట్లు అనిపించింది. వాడు పానాతో బోల్టులు విప్పి, ఆ కడ్డీని తెచ్చి నా కాళ్ల దగ్గర పడేసినాడు. ఇంకా వేడిగా వుంది.

పోయేటప్పుడు దారి పై పైననే తడిసి వుంది. సగం దారిలో వంక, బండల మీద పలచగా నీళ్లు. దాటినాము. బడి వరండాలో హర్షిణి నడుము పట్టుకుని కూర్చుని వుంది. పక్కన బడిలో అన్నం వండే ఉచ్చీరమ్మ గోనెసంచి కొప్పెర తల మీద వేసుకుని నిలబడింది. హర్షిణి నన్ను చూసి నవ్వబోయి, మధ్యలో పెదవి కొరుక్కునింది. గంటకు రెండుసార్లు వచ్చే నొప్పి ఇప్పుడు నాలుగుసార్లు వస్తా వుందంట. వెనక సీట్లో దుప్పటి పరిచి పడుకోబెట్టినాము. వంక దాటేదాకా నేనూ వస్తా అక్కా, పైన పడిన వాన నీళ్లు ఇంకా వంకకు రాలేదు అని ఉచ్చీరమ్మ వెనక ఎక్కి, ఆమె తల వొళ్లో పెట్టుకునింది.

వాన బలిసింది. వాడు కాలు ఆనించీ ఆనించనట్లు నడిపినాడు. వెనక భాగం ఒకసారి ఇటు, ఒకసారి అటు ఈడ్చుకుపోతా వుంది. ప్రతిసారీ నా నోట్లోకి మెల్లగ అనే మాట వచ్చేది, మింగేదాన్ని. వెనక నుంచి హర్షిణి మూలుగు వినపడితే, అది నొప్పికా కుదుపుకా అని వెనక్కి తిరిగి చూసేదాన్ని. ఉచ్చీరమ్మ తల అడ్డంగా ఆడించేది, ఏం లేదులే అన్నట్లు.

వంక దగ్గరికొచ్చి ఆగినాము. పోయేటప్పుడు చూసిన బండలు లేవు. మూడు బండ్ల వెడల్పున నల్లగా, సుడులు తిరుగుతా నీళ్లు.

"జోరుగ పోతే దాటేస్తామమ్మా. ఎంతసేపు," అన్నాడు రాఘవ్. వాడి కాలు అప్పుడే ఎక్సలేటరు మీద ఆనుతా వుంది. ఇంకో దినమైతే వద్దని అరిచి ఆపేదాన్నే. వాడు పుట్టినప్పటి నుంచి ప్రతిదానికీ వద్దు అన్నదాన్ని. ఈత వద్దు, మోటారు సైకిలు వద్దు, బెంగుళూరు వుద్యోగం వద్దు. నా వద్దుకు వాడి దగ్గర ఏ విలువా మిగల్లేదు. ఇప్పుడు వద్దంటే వాడు వినడు, దింపేస్తాడు. ఏడిస్తే ఇంకా తొందరపడతాడు. అందుకని ఏమీ అనలేదు. తలుపు తెరిచి దిగినాను.

"యాడికమ్మా?"

"నడిచి సూస్తా. నేను సెయ్యెత్తిందాకా దింపొద్దు."

నేను పారే నీళ్లలో ఎప్పుడూ కాలు పెట్టలేదు. మాధవరంలో తుంగభద్ర స్నానాలకు పోయినప్పుడు కూడా మెట్టు మీద కూర్చుని చెంబుతో పోసుకునేదాన్ని, ఇంట్లో అందరూ ఎగతాళి చేసేవాళ్లు. గట్టు మీద పోయినేటి పత్తికట్టె మోపులు వేసి వున్నాయి. ఒక పొడుగు కట్టె పెరుక్కున్నాను. ఉచ్చీరమ్మ కూడా దిగి, తన కొంగును నా కొంగుకు ముడేసింది. "అక్కా, కుడి పక్క పోవద్దు. ట్రాక్టర్లు తవ్విన గుంత వుండాది. ఎడమ పక్కనే బండ," అనింది.

చల్లటి నీళ్లు మడమలు దాటినాయి. పిక్కలకు వచ్చినాయి. కింద ఏదో మెత్తగా కదిలి కాలిని లోపలికి లాగింది, పామనుకున్నాను, బురదే. వెనక్కి తిరిగి చూస్తే రాఘవ్ అద్దంలో నుంచి కన్నార్పకుండా చూస్తా వున్నాడు. నేను వెనక్కొస్తే వాడు దింపేస్తాడు. కుడి పక్క కట్టె దించినాను. కట్టె మొత్తం దిగి, నా మణికట్టు మునిగింది. ఆ గుంతలోకి ఒక చక్రం పోయి, బండి వాలి, లోపల ఆమె కిందికి జారడం నా కళ్ల ముందర నిజంగా జరిగినట్లు కనపడింది. ఎడమకు జరిగినాను. కట్టె కొస టక్కుమని బండకు తగిలింది. ఇంకో అడుగు, ఇంకో టక్కు. అట్ల తడుముకుంటా, మోకాళ్ల కిందికే నీళ్లుండే బాటను పట్టుకుని అవతలి గట్టు ఎక్కినాను. మళ్ల అదే బాటన వెనక్కొచ్చి, గుంత అంచులో కట్టెలు గుచ్చినాము.

అప్పుడు చెయ్యెత్తినాను.

వాడు తొందరపడలేదు. నిలిపినాడు, న్యూట్రల్ చేసినాడు, పొట్టి రాడ్డు కిందికి లాగినాడు. బండి గొంతు బరువెక్కింది. నేను నడిచినంత మెల్లగా నీళ్లలోకి దిగింది. గుంత పక్కన నేను, నా వెనకనే కొంగు ముడితో ఉచ్చీరమ్మ నడిచినాము. బండి బొంగురు గొంతుతో, ఎక్కడా ఆగకుండా, ఎక్కడా ఎగరకుండా వచ్చింది. అవతలి గట్టు ఎక్కేటప్పుడు మాత్రం వెనక చక్రం వుత్తగా తిరిగి, నా చీర మీద బురద చిమ్మింది. తొక్కుతాడేమో అని కళ్లు మూసుకున్నాను. శబ్దం ఆగింది. కాలు తీసేసినాడు. ఇద్దరమూ ఉరికి ఆ గట్టు మీద గూడ వుండే పత్తికట్టె మోపొకటి విప్పి చక్రాల కింద తోసినాము. కట్టెలు పటపటమన్నాయి. బండి ఒక జానెడు కదిలింది. ఇంకో జానెడు. తర్వాత గట్టు మీద నిలబడింది.

నీళ్లు పెరగకముందే పోతానని ఉచ్చీరమ్మ ముడి విప్పుకుని వెనక్కి నడిచిపోయింది. ఆమెకు సరిగ్గా ఒక మాట కూడా చెప్పలేదు.

తారోడ్డు అంచులో రాఘవ్ బండి ఆపి, పొట్టి రాడ్డును రెండు చక్రాల్లోకి వేసినాడు. నా వైపు చూడలేదు. నేను వెనక కూర్చుని హర్షిణి పొట్ట మీద చెయ్యి పెట్టుకుని వున్నాను. అది రాయి మాదిరి గట్టిపడుతోంది, వదులుతోంది. లోపల ఏదైనా కదులుతుందేమో అని ఎమ్మిగనూరు వచ్చేదాకా చూసినాను. నా చేతికి ఏ కదలికా తగల్లేదు.

ఆస్పత్రిలో ఆమెను నేరుగా లోపలికి తీసుకుపోయినారు. మోకాళ్ల దాకా బురదతో వున్నానని నర్సమ్మ నన్ను గడప దగ్గరే ఆపేసింది. కాళ్లు కడుక్కోను కొళాయి దాకా పోతే ఈ లోపల ఏం చెబుతారో అని, ఆడనే నిలబడినాను. డాక్టరమ్మ సూది వేయమనడం, నొప్పులు ఆగేదానికి అనడం వినపడింది. నెలలు నిండని నొప్పులంట. పది దినాలు ఈడనే పడుకోవాలంట. ఇంకో గంట ఆలస్యమై వుంటే అని ఏదో అనబోయి ఆపేసింది. ఆమె ఆపిన మిగతా మాట నేను ఎన్ని తీర్లుగా పూర్తి చేసుకున్నానో చెప్పలేను.

తర్వాత తలుపు అవతల నుంచి ఒక మిషను శబ్దం వచ్చింది. గరగర, ఏమీ లేదు. మళ్ల గరగర. రాఘవ్ వచ్చి నా పక్కన గోడకు ఆనుకున్నాడు.  ఆ గరగరలో నుంచి టకటకటకటక అని, ఎవరో పరుగెత్తి వస్తున్నట్లు, గుండె కొట్టుకోవడం వినపడింది. రాఘవ్ ఆడనే కింద కూలబడి, గ్రీజు చేతులతో ముఖం మూసుకున్నాడు.

నాకు మాత్రం కొత్త భయం పట్టుకుంది. నర్సమ్మ బయటికి రాగానే కొంగు పట్టుకుని ఆపినాను.

"అంత తొందరగ కొట్టుకుంటాంది, ఏం కాదా తల్లీ?"

"పిల్లోల్లది అట్లనే కొట్టుకుంటాది పెద్దమ్మా. బాగుండాది."

సరే అన్నాను. ఆమె నాలుగడుగులు పోయినాక వెనకనే పోయి, ఇంకొకసారి అడిగినాను.